వానమేకర్ భవనం తలుపులు తెరిచే ఉంచమని అడుగుదాం: ఫిలడెల్ఫియా పరిసరాల తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, నమస్కారం.

సిటీ హాల్ పక్కన, 13వ వీధికీ జూనిపర్ వీధికీ మధ్య, ఇటు మార్కెట్ స్ట్రీట్ నుంచి అటు చెస్ట్‌నట్ స్ట్రీట్ దాకా బ్లాకు మొత్తం తానే అయి నిలబడ్డ భవనం మీ అందరికీ తెలుసు. మనలో చాలామందికి అది డౌన్‌టౌన్ మేసీస్. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు మాత్రం గుమ్మం మీద ఎన్ని బోర్డులు మారినా వానమేకర్స్ అనే అంటారు. 2025 మార్చిలో మేసీస్ అక్కడి దుకాణం ఎత్తేసింది. న్యూయార్క్‌కు చెందిన టీఎఫ్ కార్నర్‌స్టోన్ సంస్థ చేతికి భవనం వచ్చింది. పైన అపార్ట్‌మెంట్లు, కింద దుకాణాలు అన్నది వాళ్ళ ప్రణాళిక.

మిమ్మల్ని నేను అడగబోయేది ఒక్కటే. ఆ భవనం నడిబొడ్డున గ్రాండ్ కోర్ట్ అనే పెద్ద హాలు ఉంది. అందులోకి నూరేళ్ళకు పైగా ఎవరైనా టికెట్టు లేకుండా, ఏమీ కొనకుండా నడిచి వెళ్ళి, కాసేపు సంగీతం విని బయటికి వచ్చేవారు. భవనం మళ్ళీ తెరుచుకున్నాక కూడా అలాగే ఉండాలని నగర పాలక మండలికీ, యజమానులకూ మన సంఘాల పేరుతో రాయండి.

మనకెందుకు ఈ గొడవ అంటారేమో. 2023 జులైలో తానా మహాసభలు ఎక్కడ జరిగాయో గుర్తు చేసుకోండి. పెన్సిల్వేనియా కన్వెన్షన్ సెంటర్‌లో. ఆ సెంటర్‌లోని గ్రాండ్ హాల్ 1893లో కట్టిన రీడింగ్ రైల్వే షెడ్డు. రైళ్ళు ఆగిపోయాక దాన్ని పడగొట్టకుండా సభలకు పనికొచ్చేలా మార్చుకున్నారు కాబట్టే మన పట్టుచీరలు, పంచెలు ఆ కమానుల కింద తిరిగాయి. అక్కడి నుంచి మార్కెట్ స్ట్రీట్ మీదికి వచ్చి ఒక్క బ్లాకు నడిస్తే వానమేకర్. మహాసభలకు మా ఇంట్లో దిగిన చుట్టాలను నేనే అక్కడికి తీసుకెళ్ళాను. లోపలికి అడుగుపెట్టి తలెత్తి చూసి, ఇది బట్టల కొట్టా అని మా పిన్ని అడిగింది. బట్టల కొట్టే. అలా ఎందుకు కట్టారో తెలిస్తే నా అభ్యర్థన ఎందుకో కూడా తెలుస్తుంది.

జాన్ వానమేకర్ 1838లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. తండ్రిది ఇటుకలు చేసే వృత్తి. 1861 ఏప్రిల్‌లో, అమెరికా అంతర్యుద్ధం మొదలవడానికి కొద్ది రోజుల ముందు, బావమరిది నేథన్ బ్రౌన్‌తో కలిసి ఆరో వీధి, మార్కెట్ స్ట్రీట్ మూలలో ఓక్ హాల్ పేరుతో మగవాళ్ళ బట్టల దుకాణం తెరిచాడు. అప్పటి వ్యాపారం మన పాత బజారుకు భిన్నమేం కాదు. కొట్టువాడు ఒకటి చెబుతాడు, కొనేవాడు సగానికి అడుగుతాడు, నోరున్నవాడికి చవక, మొహమాటస్థుడికి ప్రియం. వానమేకర్ ప్రతి వస్తువుకూ ధర రాసిన చీటీ కట్టాడు. అందరికీ అదే ధర. నచ్చకపోతే తిరిగి తెస్తే డబ్బు వాపసు. మన బట్టల కొట్లలో గోడ మీద కనిపించే ‘ఒకే ధర, బేరములు లేవు’ బోర్డు వెనక ఉన్నదీ ఈ పద్ధతే.

దీన్ని కనిపెట్టింది ఆయనేనని ఫిలడెల్ఫియా వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. అది పూర్తి నిజం కాదు. ఇదే ఊళ్ళో క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందిన వర్తకులు అంతకు ముందే ఒక్క ధరకే అమ్మేవారు. న్యూయార్క్‌లో స్టీవర్ట్, పారిస్‌లో బాన్ మార్షే దుకాణాలు ఆ దారిలో ఉన్నాయి. వానమేకర్ చేసింది ఆ పద్ధతిని పత్రికా ప్రకటనలతో ఊరంతటికీ చాటి, దాని మీదే పెద్ద వ్యాపారం నిలబెట్టడం.

1876లో అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్ళు. ఫిలడెల్ఫియాలో ప్రపంచ ప్రదర్శన పెట్టారు. దానికి వచ్చే జనాన్ని దృష్టిలో పెట్టుకుని వానమేకర్ 13వ వీధిలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వదిలేసిన సరుకుల డిపోను కొన్నాడు. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. కొన్న వెంటనే అందులో కొట్టు పెట్టలేదు. మూడీ, శాంకీ అనే మత ప్రచారకులు ఊళ్ళో సభలు పెడతామంటే, 1875-76 చలికాలంలో డిపోను వాళ్ళకు ఇచ్చేశాడు. వేలకు వేల జనం అందులో కూర్చుని ప్రసంగాలు, పాటలు విన్నారు. అమ్మకాలు ఆ తర్వాతే మొదలయ్యాయి. అంటే ఆ స్థలంలో జనం ఊరికే వచ్చి కూర్చోవడం అన్నది కొట్టు కంటే కొన్ని నెలలు పాతది. దాన్ని గ్రాండ్ డిపో అన్నారు. 1878 నాటికే అందులో విద్యుద్దీపాలు వెలిగాయి. కొనమని ఎవరూ వెంటపడరు, వచ్చి చూసి వెళ్ళండి అన్నది అక్కడి ఆహ్వానం.

ఆయన్ను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. 1889 నుంచి 1893 దాకా ప్రెసిడెంట్ హారిసన్ దగ్గర పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా ఉన్నప్పుడు టాల్‌స్టాయ్ నవలిక ఒకటి అశ్లీలమని టపాలో వెళ్ళనివ్వలేదు. మరోపక్క పల్లెల్లో ఇంటింటికీ ఉత్తరాలు అందించాలని పట్టుబట్టిందీ ఆయనే. ఇక ‘అందరూ రండి’ అన్న పిలుపు సంగతి. అమెరికాలోని పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లలో నల్లవారికి ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా లిఫ్టు నడిపే పని, సామాన్లు మోసే పని దొరికేవి తప్ప కౌంటరు వెనక నిలబడే ఉద్యోగం దొరకడం గగనం. తలుపు తెరిచే ఉన్నా లోపల ఎవరు ఎక్కడ నిలబడాలో గీతలు ఉండేవి. అందుకే ఇప్పుడు ఉన్న తలుపైనా మూయకూడదంటాను.

ఇప్పుడు మనం చూస్తున్న భవనం ఆ డిపో ఉన్న చోటే లేచింది. షికాగోకు చెందిన డేనియల్ బర్న్‌హామ్ నమూనా గీశాడు. పాత కొట్టు మూయకుండా, వ్యాపారం ఒక్క రోజు ఆగకుండా, మూడు దఫాలుగా ఒక్కో భాగం కూల్చుకుంటూ కట్టుకుంటూ వచ్చారు. పన్నెండు అంతస్తులు. 1911 డిసెంబరు 30న ప్రెసిడెంట్ టాఫ్ట్ స్వయంగా వచ్చి అంకితం చేశాడు. ఒక దుకాణం ప్రారంభానికి దేశాధ్యక్షుడు! తొమ్మిదో అంతస్తులో క్రిస్టల్ టీ రూమ్ ఉండేది. కచేరీలకు వేరే హాళ్ళు ఉండేవి. నడుమ గ్రాండ్ కోర్ట్, సుమారు 150 అడుగుల ఎత్తున, ఏడు అంతస్తుల మేర ఖాళీగా వదిలిన చోటు. అద్దెల లెక్క చూసుకునే ఏ వ్యాపారీ అంత చోటు వదలడు.

ఆ కోర్టు మధ్యలో కంచు గద్ద. 2,500 పౌండ్ల బరువు. జర్మన్ శిల్పి ఆగస్ట్ గాల్ పని. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు వచ్చినదాన్ని వానమేకర్ కొన్నాడు. అంత బరువు ఆనడానికి కింద నేలకు అదనంగా దూలాలు వేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఈ ఊరివాళ్ళు డౌన్‌టౌన్‌లో ఎవరినైనా కలవాలంటే ‘గద్ద దగ్గర కలుద్దాం’ అనేవారు.

ఇక ఆర్గన్. దీని గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు అక్కడికి వెళ్ళినా చాలామంది గోడకు కట్టిన బంగారు రంగు అలంకారం అనుకుని ఫోటో తీసుకుని వచ్చేశారు. పైపు ఆర్గన్ అంటే మన హార్మోనియానికి తాత లాంటిది. తిత్తి బదులు పెద్ద గాలి యంత్రాలు, రీడ్ల బదులు గొట్టాలు. ఇదీ సెయింట్ లూయిస్ ప్రదర్శన కోసం తయారైందే, లాస్ ఏంజెలిస్ కంపెనీ పని. తయారు చేసినవాళ్ళు ఆ ఖర్చుకు దివాలా తీశారు. ప్రదర్శన అయిపోయాక గోదాములో పడి ఉన్నదాన్ని 1909లో వానమేకర్ కొని 13 రైలు వ్యాగన్లలో ఇక్కడికి తెప్పించాడు. బిగించడానికే రెండేళ్ళు పట్టింది. 1911 జూన్ 22న, లండన్‌లో ఐదో జార్జికి పట్టాభిషేకం జరుగుతున్న సమయంలో, మొదటిసారి వాయించారు. ఆ పట్టాభిషేకానికి కొనసాగింపే అదే డిసెంబరులో జరిగిన ఢిల్లీ దర్బారు అని వేరే చెప్పక్కర్లేదు.

అప్పటికి గొట్టాలు పది వేల పైచిలుకు. అంత పెద్ద హాలును నింపడానికి ఆ ధ్వని చాలలేదు. దాంతో పన్నెండో అంతస్తులో సొంతంగా ఆర్గన్ కార్ఖానా పెట్టుకున్నారు. ఒక బట్టల దుకాణం తన పై అంతస్తులో ఏళ్ళ తరబడి సంగీత వాద్యం తయారు చేసుకోవడం ఇంకెక్కడైనా విన్నారా? కొడుకు రాడ్‌మన్ వానమేకర్‌కు ఆ పిచ్చి మరీ ఎక్కువ. 1930 నాటికి గొట్టాలు 28 వేలు దాటాయి. వాయించేచోట, వేళ్ళతో నొక్కే హార్మోనియం మెట్ల లాంటివి ఒకదాని పైన ఒకటి ఆరు వరసలు. పూర్తిగా పనిచేస్తున్న పైపు ఆర్గన్లలో ప్రపంచంలో ఇదే పెద్దదంటారు. అట్లాంటిక్ సిటీలో ఉన్నదానికి గొట్టాలు ఇంకా ఎక్కువే కానీ దాన్ని ఇంకా బాగుచేస్తూనే ఉన్నారు.

1919లో వాద్యబృంద నిర్దేశకుడు స్టొకావ్‌స్కీ ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో వచ్చి దీనితో కలిపి కచేరీ చేస్తే, కౌంటర్లు తీసేసి జనాన్ని కూర్చోబెట్టారు. 1921 డిసెంబరులో ఫ్రెంచి విద్వాంసుడు మార్సెల్ దుప్రే ఇక్కడ కూర్చుని అప్పటికప్పుడు ఆశువుగా ఒక సింఫనీ వాయించాడు, తర్వాత దాన్నే రాసి అచ్చు వేశాడు. కచేరీలను పక్కన పెట్టినా, ఆదివారాలు తప్ప రోజుకు రెండుసార్లు, మధ్యాహ్నమూ సాయంత్రమూ ఆర్గన్ మోగేది. ఒకపక్క చెప్పుల సైజులు అడుగుతున్న గొంతులు, ఇంకోపక్క బాఖ్ సంగీతం. 1956 నుంచి క్రిస్మస్‌కు దీపాల ప్రదర్శన మొదలైంది. ఈ ఊళ్ళో మూడు తరాల పిల్లలు ఆ నేల మీద కూర్చుని తలెత్తి చూశారు.

ఇందులో మనకు అసలే సంబంధం లేదనుకోకండి. మద్రాసులో హైకోర్టు ఎదురుగా, ఎస్ప్లనేడ్‌లో, ఎర్ర రంగు వైఎంసీఏ భవనం చూసినవాళ్ళు మీలో పెద్దవాళ్ళు కొందరైనా ఉంటారు. దాన్ని కట్టడానికి డబ్బు ఇచ్చింది ఈ జాన్ వానమేకరే. అది లేచిన రోజుల్లో మద్రాసు మనకూ రాజధాని. కోస్తా నుంచి, రాయలసీమ నుంచి చదువులకూ కోర్టు పనులకూ వెళ్ళినవాళ్ళంతా ఆ వీధిలో తిరిగినవాళ్ళే. మార్కెట్ స్ట్రీట్‌లో బట్టలు అమ్మిన డబ్బు కొంత జార్జ్‌టౌన్‌లో ఇటుకలుగా మారింది.

జాన్ 1922లో పోయాడు, రాడ్‌మన్ 1928లో. కుటుంబం ట్రస్టు ద్వారా వ్యాపారం చాలాకాలం నడిచింది. ఈలోగా జనం సబర్బ్స్‌కు వెళ్ళిపోయారు, 1963లో కింగ్ ఆఫ్ ప్రష్యాలో మాల్ వచ్చింది. మనం కూడా శనివారాలు అక్కడికే వెళ్తాం కాబట్టి డౌన్‌టౌన్ దుకాణాలు పోయాయని కన్నీళ్ళు కార్చే హక్కు మనకు అంతగా లేదు. 1978లో వానమేకర్ కాలిఫోర్నియా కంపెనీకి అమ్ముడుపోయింది. అదే ఏడాది భవనానికి జాతీయ చారిత్రక చిహ్నం హోదా దక్కింది. 1986లో మళ్ళీ చేతులు మారింది. పై అంతస్తులు ఆఫీసులయ్యాయి. 1995లో వానమేకర్ పేరే పోయి హెక్ట్స్ వచ్చింది, 1997లో లార్డ్ అండ్ టేలర్, 2006లో మేసీస్. ఇదే వీధిలో ఒకప్పుడు గింబెల్స్, స్ట్రాబ్రిడ్జ్, లిట్ బ్రదర్స్ వరుసగా ఉండేవి. అన్నీ పోయాయి. గింబెల్స్ ఉన్నచోట దశాబ్దాలుగా కార్లు పార్క్ చేస్తున్నారు. ఇన్ని చేతులు మారినా ఆర్గన్ మోగుతూ వచ్చిందంటే 1991లో మొదలైన ఆర్గన్ మిత్రమండలి చలవ. డబ్బు పోగుచేసి, పాడైనవి ఒక్కొక్కటే బాగుచేయించారు.

కొత్త యజమానులు చెడ్డవాళ్ళని నేను అనడం లేదు. ఆర్గన్‌నూ గద్దనూ కాపాడతామనే చెబుతున్నారు. దుకాణం పోయాక కూడా 2025 క్రిస్మస్‌కు విరాళాలు పోగుచేసి దీపాల ప్రదర్శన జరిపించారు. గ్రాండ్ కోర్టుకు నగర వారసత్వ రక్షణ కూడా ఉంది, రాళ్ళు, కమానులు, గొట్టాలు ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. కానీ ఆ చట్టం కాపాడేది వస్తువులను. తలుపు ఎన్ని గంటలు తెరిచి ఉండాలో, లోపలికి రావడానికి ఎంత అడగాలో అందులో లేదు. ఇప్పటిదాకా ఆ ప్రశ్న రాలేదు, ఎందుకంటే అది కొట్టు. కొట్టుకు తలుపు తెరవక తప్పదు. రేపు పైన అద్దెకు ఉండేవాళ్ళ ఇళ్ళు, కింద ఖరీదైన హోటళ్ళు వస్తే ఆ హాలు లాబీగా మారవచ్చు. గంటకు ఇంత అని పెళ్ళిళ్ళకూ పార్టీలకూ ఇచ్చే హాలుగా మారవచ్చు. ఆర్గన్ చెక్కుచెదరకుండా ఉంటుంది, టికెట్టు కొన్నవాళ్ళకు వినిపిస్తుంది.

ఇక్కడ మన గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఏమీ అనుకోకండి. హాలు అద్దెకు దొరుకుతుందంటే మొదట ఫోన్ చేసేవాళ్ళలో మనం ఉంటాం. ఉగాదికి, దీపావళికి, బతుకమ్మకు, ముఖ్య అతిథికీ శాలువాకూ జ్ఞాపికకూ సరిపడా వేదిక కోసం మనం ఏటా వెతుక్కుంటూనే ఉంటాం. గ్రాండ్ కోర్ట్ కంటే మంచి నేపథ్యం ఏ ఫోటోగ్రాఫరూ అడగడు. తీసుకుందాం, నాకూ సరదాయే. కానీ తీసుకునేటప్పుడు పగటిపూట ఆర్గన్ మోగే సమయాల్లో తలుపు మూయమని మాత్రం అడగొద్దు. మూసే ఒప్పందం ఎదుట పెడితే సంతకం చేయొద్దు.

యజమాని సొంత ఆస్తిలో మనం వేలు పెట్టడమేమిటని కొందరు మిత్రులు అన్నారు. నిజమే, పైకప్పు కురిస్తే బాగుచేసేది ఆయన. చలికాలంలో అంత హాలును వెచ్చగా ఉంచడానికి అయ్యే ఖర్చూ తక్కువ కాదు. అయితే ఇలాంటి చారిత్రక భవనాలను అద్దె ఆదాయం కోసం పునరుద్ధరిస్తే, అర్హమైన ఖర్చులో 20 శాతం దాకా ఫెడరల్ పన్ను రాయితీ ఇచ్చే పథకం ఉంది. నగరం నుంచి కావలసిన అనుమతులు వేరే. ప్రజల వైపు నుంచి అంత అందేటప్పుడు ప్రజలకు పగలు కొన్ని గంటలు తలుపు తెరిచి ఉంచమనడం గొంతెమ్మ కోరిక కాదు.

మనం ఈ నగరం ఓటర్లం కాదు కదా అన్నది రెండో అభ్యంతరం. మనలో ఎక్కువమంది ఎక్స్‌టన్, చెస్టర్‌బ్రూక్ వైపు ఉంటాం, అదీ నిజమే. కానీ నగరంలో ఉద్యోగం చేసే ప్రతివాడి జీతంలోంచీ, ఇల్లు ఎక్కడున్నా, నగరం వేజ్ ట్యాక్స్ 3 శాతానికి పైగా కోసుకుంటుంది. ఆ కోత పడ్డవాళ్ళకు ఒక ఉత్తరం రాసే హక్కయినా ఉంటుంది.

చైనాటౌన్ వాళ్ళను చూడండి. మార్కెట్ స్ట్రీట్‌లో వాళ్ళ వీధుల పక్కనే బాస్కెట్‌బాల్ జట్టు స్టేడియం కట్టాలనుకుంది. వాళ్ళు ఏళ్ళ తరబడి ఊరేగింపులు తీశారు, మండలి విచారణలకు ముసలివాళ్ళతో సహా వచ్చి తమ భాషలో మాట్లాడారు, అనువాదకులను పెట్టించుకున్నారు. 2024 డిసెంబరులో మండలి స్టేడియానికే ఓటేసింది. మరుసటి నెలలో జట్టు తనంతట తానే వెనక్కి తగ్గింది. ఓటులో ఓడిపోయినా, ఈ వీధి గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళను అడగకుండా ఎవరూ మాట్లాడలేని పరిస్థితి తెచ్చుకున్నారు. ఆ విచారణలు జరుగుతున్నప్పుడు మనం ఏం చేస్తున్నామంటే, నాకు గుర్తున్నంతవరకు, సంఘం ఎన్నికల గురించి వాట్సాప్‌లో కొట్టుకుంటున్నాం.

కాబట్టి చేయవలసింది ఇది. ప్రతి సంఘం తన లెటర్‌హెడ్ మీద నగర పాలక మండలికి ఒకటి, భవనం యజమానులకు ఒకటి ఉత్తరం పంపాలి. గ్రాండ్ కోర్ట్‌లోకి పగటిపూట ఉచిత ప్రవేశం, ఆర్గన్ రోజూ మోగడం, ఈ రెండూ నోటిమాటగా కాక రాతలో ఉండాలని కోరాలి. భవనం గురించి మండలిలో విచారణ జరిగిన రోజు సంఘానికి ఒక్కరైనా వెళ్ళి పేరు నమోదు చేసుకుని మాట్లాడాలి. తెలుగు బడి పిల్లల్లో పియానో, వయోలిన్ నేర్చుకునేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, వాళ్ళలో ఒకరిని మాట్లాడించినా చాలు, మనకంటే బాగా మాట్లాడతారు. ఆర్గన్ మిత్రమండలికి సభ్యత్వ రుసుము కట్టడం మీ మీ ఇష్టం. నేను కట్టాను.

వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో, సాంస్కృతిక కార్యక్రమాల పద్దుకు ముందే, ఈ విషయానికి పది నిమిషాలు కేటాయించండి. పద్దు తర్వాత పెడితే ఎవరూ మిగలరని మీకూ తెలుసు. ఉత్తరం చిత్తుప్రతి ఇంగ్లీషులో నేను రాసి పెట్టాను, మీ మార్పులతో పంపవచ్చు. అన్ని సంఘాలూ కలిసి ఒక్కటే ఉత్తరం పంపితే మరీ మంచిది. ఎవరి పేరు ముందు ఉండాలన్న తగాదా వస్తే అక్షర క్రమంలో పెట్టుకోండి.

ఇట్లు,
ఫిలడెల్ఫియా శివార్ల నుంచి మీ సంఘ సభ్యుడొకడు